గేమ్‌ను రివ్యూకు ఎప్పుడు పంపాలి: స్టోర్‌కు ఒక లెక్క, సమీక్షకులకు మరో లెక్క

“వచ్చే గురువారం విడుదల. గేమ్ దాదాపు అయిపోయింది. రివ్యూకు ఇప్పుడే పంపేయమంటారా, మిగిలిన రెండు బగ్గులూ సరిచేశాక పంపమంటారా?” చిన్న జట్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. జవాబు చెప్పే ముందు నేను తిరిగి ఒకటి అడుగుతాను: ఏ రివ్యూ గురించి అడుగుతున్నారు?

రివ్యూ అన్న ఒక్క మాటతో మనం రెండు పనులను పిలుస్తున్నాం. స్టీమ్, గూగుల్ ప్లే, యాప్ స్టోర్ వంటి దుకాణాలు గేమ్‌ను అమ్మకానికి పెట్టే ముందు చేసే పరిశీలన ఒకటి. పత్రికలవాళ్లు, యూట్యూబర్లు గేమ్ ఆడి చెప్పే సమీక్ష ఇంకొకటి. మొదటిది అనుమతి, రెండోది అభిప్రాయం. అనుమతి కోసం ఎంత ముందుగా వెళ్తే అంత మంచిది, చిన్నచిన్న లోపాలు మిగిలి ఉన్నా ఫరవాలేదు. అభిప్రాయం కోసం వెళ్లేటప్పుడు లోపాలతో వెళ్లకూడదు, అలాగని ఆఖరి రోజుదాకా ఆగకూడదు. రెండు పనులనూ ఒకే వారంలో, ఒకే బిల్డ్‌తో (ఆడటానికి సిద్ధం చేసిన గేమ్ ఫైళ్లతో) ముగించాలని చూసిన జట్లే ఎక్కువగా దెబ్బతినడం చూశాను. అందుకే రెండింటినీ విడివిడిగా చెబుతాను.

## ముందు తేల్చుకోవలసినవి

తేదీ ఎంచుకునే ముందు ఒక కాగితం మీద కొన్ని జవాబులు రాసుకోండి. పంపిన గేమ్ తిరిగి రావడానికి ఎన్ని రోజులు పడుతుంది? తిప్పికొడితే మళ్లీ అన్ని రోజులూ ఆగాలా? చాలామంది మొదటి ప్రశ్నకే లెక్క వేసుకుంటారు, రెండోది మరిచిపోతారు. పరిశీలనకు అయిదు రోజులు పడుతుందంటే మీరు లెక్కలో వేసుకోవలసింది పది రోజులు.

పంపిన తర్వాత గేమ్‌ను మార్చుకునే వీలుందా? స్టీమ్‌లో ఉంది, యాప్ స్టోర్‌లో లేదు. ఈ ఒక్క తేడా మీ ప్రణాళికను మార్చేస్తుంది.

మీ గేమ్ పూర్తిచేయడానికి ఎన్ని గంటలు పడుతుంది? రెండు గంటల పజిల్‌కూ, ముప్పై గంటల కథకూ సమీక్షకుడికి ఇవ్వవలసిన గడువు ఒకటి కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెబుతున్నాను: మీకు ఒక్కసారే దొరికే అవకాశాలు ఏవి? రాబోయే గేమ్‌ల డెమోల పండుగ అయిన స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేమ్ ఒక్కసారే పాల్గొనగలదు. విష్‌లిస్టులో (కొనాలనుకునేవాటి జాబితాలో) పెట్టుకున్నవారికి విడుదల కబురు వెళ్లేది ఒక్కసారే. పత్రికల స్కోర్లను పోగుచేసే మెటాక్రిటిక్ సైటు ఒక పత్రిక మొదట ఇచ్చిన స్కోరునే తీసుకుంటుంది, తర్వాత మీరు ప్యాచ్ (సవరణ) వేసి, ఆ పత్రిక మనసు మార్చుకున్నా అక్కడి అంకె మారదు. తిరిగి రాని అవకాశాల తేదీలను ముందు పెట్టుకుని, మిగిలినవి వాటి చుట్టూ సర్దుకోవాలి.

## మొదటి లెక్క: దుకాణాల పరిశీలన

| దుకాణం | రుసుము | పరిశీలన సమయం | ముందు దాటవలసిన గడువు | అనుమతి తర్వాత మార్పులు |
|---|---|---|---|---|
| స్టీమ్ | ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు | సాధారణంగా 3–5 పనిదినాలు | రుసుము కట్టాక 30 రోజులు, “త్వరలో” పేజీ కనీసం 2 వారాలు | మళ్లీ పరిశీలన అక్కర్లేదు |
| గూగుల్ ప్లే | ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు | 7 రోజుల వరకు, అప్పుడప్పుడు ఇంకా ఎక్కువ | కొత్త వ్యక్తిగత ఖాతాలకు 12 మందితో 14 రోజుల పరీక్ష | ప్రతి మార్పుకూ పరిశీలన |
| యాప్ స్టోర్ | ఏడాదికి 99 డాలర్లు | చాలావరకు ఒక రోజు లోపు | ప్రత్యేకంగా ఏదీ లేదు | ప్రతి వెర్షన్‌కూ పరిశీలన |
| కన్సోళ్లు (ప్లేస్టేషన్, స్విచ్ వంటివి) | కంపెనీని బట్టి | వారాల లెక్క | డెవలప్‌మెంట్ కిట్ (కంపెనీ ఇచ్చే పరీక్షా యంత్రం), ముందే ఖాయమైన తేదీ | ప్యాచ్‌కు కూడా పరిశీలన |
| ఇచ్.ఐఓ | లేదు | విడుదలకు ముందు లేదు | లేదు | ఎప్పుడైనా |

స్టీమ్. ఇక్కడ రెండు పరిశీలనలు జరుగుతాయి, ఒకటి స్టోర్ పేజీకి, ఒకటి బిల్డ్‌కు. పేజీని ఆరు నెలల ముందు పెట్టినా తొందరపాటు కాదు, విష్‌లిస్టులు పోగయ్యేది అక్కడే. 2024లో స్టీమ్‌లో 18,000కు పైగా గేమ్‌లు విడుదలయ్యాయి, అంటే రోజుకు యాభై. ఆ గుంపులో రెండు వారాల ముందు మాత్రమే పేజీ తెరిచిన గేమ్‌ను ఎవరూ గుర్తుపెట్టుకోరు. రెండు వారాలు అనేది స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ పెట్టిన కనీస షరతు మాత్రమే, అది మంచి గడువు అనుకోవద్దు.

బిల్డ్ విషయంలో చాలామంది జంకుతారు. “ఇంకా పూర్తికాలేదు, ఇప్పుడు చూపిస్తే ఏమనుకుంటారో” అని ఆగుతారు. వాల్వ్‌లో మీ బిల్డ్ చూసే మనిషి మీ కథ బాగుందా, పోరాటాలు రక్తి కట్టాయా అని తూచడు. గేమ్ తెరుచుకుంటుందా, పేజీలో మీరు చెప్పినవన్నీ లోపల ఉన్నాయా, హాని చేసేది ఏదైనా ఉందా అని చూస్తాడు. ఒకసారి అనుమతి వచ్చాక మీరు రోజుకు మూడు ప్యాచ్‌లు వేసినా అడిగేవారు లేరు. కనుక పేజీలో రాసిన లక్షణాలన్నీ బిల్డ్‌లోకి వచ్చిన మరుసటి రోజే పంపించండి. బొమ్మల మెరుగులు, సమతూకం సరిచేయడం తర్వాత చేసుకోవచ్చు.

మా సొంత అనుభవం ఒకటి చెబుతాను. పేజీలో “పూర్తి కంట్రోలర్ సదుపాయం” అన్న గడిలో టిక్ పెట్టాం. గేమ్ మొత్తం కంట్రోలర్‌తో ఆడవచ్చు, నెలల తరబడి అలాగే ఆడాం. శుక్రవారం రాత్రి బిల్డ్ పంపాం. మే నెల ఆఖరి సోమవారం అమెరికాలో సెలవు అన్న సంగతి మాకు తట్టలేదు. గురువారం జవాబు వచ్చింది: ఎక్కువ స్కోరు వచ్చినప్పుడు పేరు టైపు చేయడానికి కీబోర్డు కావలసి వస్తోంది, కాబట్టి ఆ టిక్ చెల్లదు. నిజమే, పరీక్షించే ప్రతిసారీ మా చేతి పక్కనే కీబోర్డు ఉండేది, ఎవరికీ తెలియకుండానే చెయ్యి అటు వెళ్లిపోయేది. తెర మీద అక్షరాల పలక పెట్టి సరిచేయడానికి ఒక్క గంట కూడా పట్టలేదు. కానీ రెండో జవాబు తర్వాతి బుధవారానికి గానీ రాలేదు. మేం ప్రకటించిన విడుదల తేదీ మంగళవారం. విడుదలకు రెండు వారాల లోపు ఉన్నప్పుడు తేదీని మనంతట మనం మార్చుకోలేం, వాల్వ్‌కు రాసి అడగాలి. తప్పు పూర్తిగా మాదే, నెల ముందు పంపి ఉంటే ఆ టిక్ సంగతి మాకొక చిన్న పనిగా మిగిలిపోయేది.

అప్పటినుంచి నేను అందరికీ చెప్పే కొలత: స్టీమ్ బిల్డ్‌ను విడుదలకు కనీసం నాలుగు వారాల ముందు పంపండి. అమెరికా సెలవులను క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి, ముఖ్యంగా నవంబరు నాలుగో గురువారం, డిసెంబరు ఆఖరు. శనివారం మన ఉదయం పంపితే అది సోమవారం పంపినట్టే.

పేజీ కూడా తిరిగి రావచ్చు. 2022 సెప్టెంబరు నుంచి స్టీమ్ ముఖచిత్రాల మీద గేమ్ పేరు, బొమ్మ తప్ప సమీక్షల వాక్యాలు, అవార్డుల ముద్రలు, స్కోర్లు వేయనివ్వడం లేదు. గేమ్‌లో కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు, సంగీతం ఉంటే 2024 జనవరి నుంచి ఆ సంగతి ప్రశ్నావళిలో చెప్పాలి.

గూగుల్ ప్లే. మన దగ్గర ఎక్కువమంది మొదటి గేమ్ వచ్చేది ఇక్కడే, చిక్కుకునేదీ ఇక్కడే. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే, గేమ్‌ను అందరికీ విడుదల చేసే ముందు పరిమిత పరీక్ష జరపాలి. మొదట్లో 20 మంది కావాలనేవారు, 2024 డిసెంబరులో దాన్ని 12కు తగ్గించారు. ఆ పన్నెండు మందీ వరసగా 14 రోజులు పరీక్షలో ఉండాలి. ఆ తర్వాత విడుదల అనుమతికి దరఖాస్తు పెట్టాలి, దానికి కొన్ని రోజులు. ఆ తర్వాత గేమ్ పరిశీలన, దానికి మరికొన్ని. అన్నీ సాఫీగా సాగినా నెల రోజులు గడిచిపోతాయి.

స్నేహితులను, బంధువులను పన్నెండు మందిని చేర్చేస్తే సరిపోతుందని అనుకుంటారు. చేరిన వారిలో ఇద్దరు నాలుగో రోజున తప్పుకుంటే లెక్క పదికి పడిపోతుంది. పదహారు, పద్దెనిమిది మందిని పెట్టుకోండి. దరఖాస్తులో పరీక్షకులు ఏం చెప్పారు, మీరు ఏం మార్చారు అని అడుగుతారు కాబట్టి వాళ్ల చేత నిజంగా ఆడించి, చెప్పినవి రాసి పెట్టుకోండి. సంక్రాంతికి విడుదల అనుకుంటే పరీక్ష నవంబరు ఆఖరుకే మొదలవ్వాలి. సంస్థ పేరు మీద తెరిచిన ఖాతాలకు ఈ షరతు లేదు గానీ, దానికి డన్స్ నంబరు (సంస్థలను గుర్తించే సంఖ్య) కావాలి.

అనుమతి రాగానే గేమ్ బయటికి వెళ్లిపోతుందన్న భయం అక్కర్లేదు. మేనేజ్డ్ పబ్లిషింగ్ అన్న సదుపాయాన్ని ఆన్ చేసి ఉంచితే, అనుమతి వచ్చిన గేమ్ మీరు నొక్కేవరకూ ఆగుతుంది.

యాప్ స్టోర్. తొంభై శాతం వరకు ఒక రోజు లోపే చూస్తామని ఆపిల్ చెబుతుంది. ఆ మాట నమ్మి ముందురోజు పంపేవారు ఉన్నారు. మీ గేమ్ మిగిలిన పది శాతంలో పడితే? లాగిన్ అవసరమైన గేమ్‌కు పరీక్ష ఖాతా వివరాలు ఇవ్వకపోవడం, “త్వరలో వస్తుంది” అన్న ఖాళీ మెనూలు వదిలేయడం, డబ్బు పెట్టి తెరిచే పెట్టెల్లో ఏ వస్తువు వచ్చే అవకాశం ఎంతో చెప్పకపోవడం వంటి వాటికి గేమ్ వెనక్కి వస్తుంది. రెండు మూడు వారాల ముందు పంపి, విడుదలను చేతితో చేసే ఎంపిక పెట్టుకుని దగ్గర ఉంచుకోండి. ఆపిల్ తమ మొదటి పేజీలో మీ గేమ్‌ను చూపించాలని కోరుకుంటే ఆ దరఖాస్తు వేరే ఉంటుంది, దానికి రెండు వారాలు కనీసం, వీలైతే మూడు నెలల ముందు.

కన్సోళ్లు. ఇక్కడి వివరాలు ఒప్పందాల కింద గోప్యంగా ఉంటాయి కాబట్టి ఎక్కువ చెప్పను. మొదటిసారికే గట్టెక్కుతామని అనుకోవద్దు. బటన్ పేరు తప్పుగా రాసినా, కంట్రోలర్ ఊడిపోయినప్పుడు గేమ్ ఆగకపోయినా తిప్పి పంపుతారు. విడుదల రోజు వేద్దామనుకున్న ప్యాచ్ కూడా మళ్లీ ఆ వరసలోనే నిలబడాలి. రెండు నెలల ముందు పంపగలిగితేనే తేదీ ప్రకటించండి.

వయసు రేటింగ్‌ను చివరి పనిగా మిగల్చవద్దు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన బలాట్రో అనే పేకముక్కల గేమ్‌కు ఐరోపాలో రేటింగ్ ఇచ్చే పెగీ మొదట 3 ఇచ్చి, విడుదలయ్యాక జూదపు ఛాయలున్నాయని 18కి మార్చింది. కొన్ని దేశాల కన్సోల్ దుకాణాల నుంచి గేమ్ కొన్నాళ్లు మాయమైంది. ఏడాది తర్వాత ఆ రేటింగ్ 12కు దిగింది. అమ్మకాలు ఊపందుకున్న రోజుల్లో దుకాణం ఖాళీగా కనిపించడం ఎంత బాధో తయారుచేసిన వారికే తెలుస్తుంది. మీ గేమ్‌లో పేకముక్కలు, పాచికలు, రక్తం ఏవున్నా ప్రశ్నావళిని నిదానంగా, దాచకుండా నింపండి.

## రెండో లెక్క: సమీక్షకులు

ఇక్కడ నాలుగు దారులున్నాయి.

### రెండు మూడు నెలల ముందు

పెద్ద పత్రికల్లో చోటు ముందుగానే నిండిపోతుందని, అందుకే ముందు పంపాలని కొందరంటారు. ఇప్పుడే పంపవలసింది పరిచయం మాత్రమే: నాలుగు వాక్యాలు, ఒక చిన్న వీడియో, స్టోర్ పేజీ లంకె, విడుదల తేదీ. ఆడే కీ (గేమ్‌ను తెరిచే కోడ్) ఇప్పుడు ఇస్తే అసంపూర్తి గేమ్ వాళ్ల మనసులో నిలిచిపోతుంది. “అప్పుడు చూశాను, నత్తనడకగా ఉంది” అన్న జ్ఞాపకాన్ని ఏ ప్యాచ్ తుడవలేదు. ఒక సమీక్షకుడు అదే గేమ్‌ను రెండోసారి తెరవడం అరుదు.

ఈ దశకు సరైన సాధనం డెమో. స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్ ఏడాదికి మూడుసార్లు వస్తుంది, ఫిబ్రవరి, జూన్, అక్టోబరులో. డెమోకు కూడా వేరే పరిశీలన ఉంటుంది, పత్రికలవాళ్లకు ముందుగా చూపించే గడువు ఇంకా ముందే ముగుస్తుంది. విడుదలకు ముందు వచ్చే ఆఖరి ఫెస్ట్‌ను ఎంచుకోవడం నా సలహా. మొదటి అరగంట నిగనిగలాడేలా తీర్చిదిద్దిన డెమో మూడు నెలల ముందు పంపిన వంద కీలకంటే మేలు చేస్తుంది. బలాట్రోకు విడుదల ముందు డెమోలతోనే పేరొచ్చింది.

### మూడు నాలుగు వారాల ముందు

నా ఓటు దీనికే. సమీక్షకుడి వైపు నుంచి చూడండి. అతడి దగ్గర ఆ వారం పది గేమ్‌లు ఉంటాయి. మీ మెయిల్ తెరవడానికి రెండు రోజులు, ఆడటానికి ఒక వారాంతం, రాయడానికి రెండు రోజులు, సంపాదకుడి చేతిలో మరో రెండు. వీడియో చేసేవారైతే కోత, కూర్పులకు ఇంకో మూడు రోజులు. మూడు వారాలు ఇస్తే ఒక వారం వృథా అయినా పని జరుగుతుంది. వాళ్లు కనిపెట్టి చెప్పిన బగ్గులు విడుదలకు ముందే సరిచేసుకునే అవకాశం కూడా మీకు మిగులుతుంది.

ఇందులో ఒక ఖర్చు ఉంది: గేమ్ నిజంగా నెల ముందే పూర్తయి ఉండాలి. “విడుదల రోజు ప్యాచ్‌లో సరిచేస్తాం” అన్న జాబితా మెయిల్‌తో పాటు పంపవచ్చు. ఆ జాబితాలో మూడుకు మించి ఉంటే, ఒక్కటైనా సేవ్ ఫైలు చెడిపోయే రకమైతే, విడుదలనే వెనక్కి జరపండి.

కీల విషయంలో ఒక జాగ్రత్త. స్టీమ్‌లో మామూలు కీలు విడుదలయ్యేదాకా తెరుచుకోవు. విడుదలకు ముందే ఆడనిచ్చే కీలు వేరే రకం, వాటినే అడిగి తీసుకోవాలి. ఆ అభ్యర్థనను కూడా వాల్వ్ చూసి ఇస్తుంది కాబట్టి నాలుగైదు రోజులు పెట్టుకోండి. పంపే ముందు ఒక కీని మీ రెండో ఖాతాలో వేసి చూడండి.

పేరున్న యూట్యూబర్‌నంటూ కీలు అడిగే మెయిళ్లు కుప్పలుగా వస్తాయి. చాలావరకు మోసాలే, ఆ కీలు చివరికి తక్కువ ధరకు అమ్ముడవుతాయి. ఛానెల్ వివరాల్లో ఉన్న చిరునామాకు మీరే తిరిగి రాయండి. స్టీమ్‌లో గేమ్‌లను సిఫారసు చేసే క్యూరేటర్లకైతే కీలు లేకుండా క్యూరేటర్ కనెక్ట్ ద్వారా నేరుగా గేమ్ ఇవ్వవచ్చు.

ఎంబార్గో (అంతకుముందు సమీక్ష బయటపెట్టకూడదన్న గడువు) పెట్టేటప్పుడు గంటను యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో రాయండి. ఐఎస్‌టీ అని రాస్తే మనకు హైదరాబాద్ సమయం, ఇజ్రాయెల్‌లో ఉన్నవారికి, ఐర్లాండ్‌లో ఉన్నవారికి అదే పొట్టి పేరుతో వాళ్ల సమయం.

### ఒకటి రెండు రోజుల ముందు, లేదా విడుదల రోజే

పెద్ద సంస్థలు ఈ దారిలో వెళ్లాయి. 2016 అక్టోబరులో బెథెస్డా ఇకపై విడుదలకు ఒక రోజు ముందే సమీక్ష కాపీలు ఇస్తామని ప్రకటించింది. 2020 డిసెంబరు 10న వచ్చిన సైబర్‌పంక్ 2077 విషయంలో సమీక్షకులకు ముందుగా అందింది కంప్యూటర్ వెర్షన్ మాత్రమే. పాత కన్సోళ్లలో అది ఎలా ఆడుతుందో కొన్నవారే మొదట చూశారు, వారం తిరిగేసరికి సోనీ తన దుకాణం నుంచి దాన్ని తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. దాచిపెడితే సమీక్ష ఆగుతుందేమో గానీ, కొన్నవారి కోపం రెట్టింపవుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ హాలో నైట్: సిల్క్‌సాంగ్. 2025 ఆగస్టు 21న తేదీ చెప్పి, సెప్టెంబరు 4న విడుదల చేశారు, సమీక్షకులకు ముందు కాపీలు ఇవ్వలేదు. తొలి గేమ్‌కు ఏళ్ల క్రితం డబ్బు పెట్టి నిలబెట్టిన అభిమానుల కంటే ముందు ఇంకొకరు ఆడటం న్యాయం కాదన్నది వారి ఆలోచన. అది వారికి చెల్లింది, లక్షలమంది ఎదురుచూస్తూ ఉన్నారు. విడుదల గంటలో స్టీమ్ దుకాణమే తట్టుకోలేకపోయింది. ఆ తేదీ చూసి డీమన్‌స్కూల్, బేబీ స్టెప్స్ వంటి చిన్న గేమ్‌లు తమ విడుదలను వెనక్కి జరుపుకున్నాయి, అది తెలివైన పని. మీ గేమ్ కోసం ఇంకా ఎవరూ ఎదురుచూడటం లేదంటే మౌనంగా విడుదల చేయడం వల్ల వచ్చేది మౌనమే.

మన దేశంలో పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ జట్టు చేసిన రాజీ అనే గేమ్ 2020 ఆగస్టు 18న నింటెండో ప్రదర్శనలో కనిపించి అదే రోజు స్విచ్‌లో విడుదలైంది. మిగతా వేదికల మీదకు అక్టోబరు 15న వచ్చింది. ఆ మొదటి రోజు చప్పుడంతా నింటెండో వేదిక చేసిపెట్టింది. అలాంటి వేదిక మీకు దొరికితే తప్ప ప్రకటన రోజునే విడుదల అన్నది అనుకరించవద్దు.

### విడుదల తర్వాత

ఆన్‌లైన్‌లో నలుగురు కలిసి ఆడే గేమ్‌లకు ఇది సహజమైన దారి. ఖాళీ సర్వర్‌లో ఒంటరిగా తిరిగిన సమీక్షకుడు ఏం రాయగలడు? 2016లో డూమ్ గేమ్ సర్వర్లు విడుదల రోజుకు గానీ తెరుచుకోవన్న కారణంతోనే ముందస్తు కాపీలు ఇవ్వలేదు. ముందే చూపించాలంటే ఒక సాయంత్రం, ఫలానా గంట అని చెప్పి అందరినీ ఒకేసారి పిలవండి, మీ జట్టు కూడా ఆడాలి.

మిగిలిన గేమ్‌లకు ఇది పొరపాటైన దారి కాదు, రెండో అవకాశం. 2018లో వచ్చి ఎవరూ పట్టించుకోని అమాంగ్ అస్ 2020లో స్ట్రీమర్ల చేతుల్లో పడి ప్రపంచమంతా తిరిగింది. కాబట్టి విడుదలైన ఆరు నెలలకైనా, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు మళ్లీ తలుపు తట్టండి. కాకపోతే దాని మీదే ఆధారపడి తొలి వారాన్ని వదులుకోవద్దు.

## మీరు ఏ రకం?

ఉద్యోగం చేస్తూ రాత్రులు గేమ్ చేసేవారు: మీకు కొరత సమయం. స్టోర్ పరిశీలన ఆరు వారాల ముందే ముగించేసి, చివరి నెలను మెయిళ్లకే ఉంచుకోండి. యాభై మందికి ఒకే మెయిల్ పంపే కంటే, మీ తరహా గేమ్‌లనే ఆడే పదిహేను మందికి పేరు పెట్టి రాయండి. మెటాక్రిటిక్‌లో స్కోరు కనబడాలంటే నాలుగు సమీక్షలు చాలు.

రెండు మూడు గంటల చిన్న గేమ్: సమీక్షకులకు రెండు వారాలు సరిపోతుంది. స్టీమ్‌లో రెండు గంటల లోపు ఆడి, 14 రోజుల్లో తిరిగి ఇస్తే డబ్బు వాపసు ఇస్తారు. అందుకే ఈ గేమ్ ఎంత నిడివి గలదో సమీక్షల్లో ముందే రావడం మీకే మంచిది, తెలిసి కొన్నవారు వాపసు అడగరు.

పాతిక గంటలు దాటిన కథ: అయిదు వారాలు ఇవ్వండి. మలుపులు బయటపెట్టవద్దని కోరుతూ ఏ అధ్యాయం దాకా చూపించవచ్చో స్పష్టంగా రాయండి.

ఉచిత మొబైల్ గేమ్: మీకు పత్రికల సమీక్ష కన్నా దుకాణం మొదటి పేజీ ముఖ్యం. ఉన్న శ్రమంతా ఆ దరఖాస్తు మీద, తొలి రోజు రేటింగుల మీద పెట్టండి.

కాలేజీ విద్యార్థులు: మొదట ఇచ్.ఐఓలో పెట్టండి. పరిశీలన లేదు, రుసుము లేదు, ఆ రాత్రే తప్పులు తెలుస్తాయి. అక్కడ నేర్చుకున్న తర్వాత 100 డాలర్లు కట్టండి.

ఎర్లీ యాక్సెస్ (గేమ్ పూర్తికాకముందే అమ్మకానికి పెట్టడం) ఆలోచన ఉన్నవారు: సమీక్షకులను రెండుసార్లు కదిలించాలి. హేడీస్ అనే గేమ్ 2018 డిసెంబరులో అసంపూర్తిగా మొదలై 2020 సెప్టెంబరులో పూర్తయింది, అసలు సమీక్షలు రెండో తేదీకే వచ్చాయి. మొదటిసారి ఇచ్చేటప్పుడు స్కోరు వేయవద్దని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

## వెనక నుంచి ముందుకు ఒక క్యాలెండర్

స్టీమ్‌లో పది గంటల గేమ్, ముగ్గురు మనుషుల జట్టు అనుకుందాం.

- 24 వారాల ముందు: స్టోర్ పేజీ పరిశీలనకు, అనుమతి రాగానే తెరవడం
- 12 నుంచి 8 వారాల ముందు: డెమో పరిశీలన, నెక్స్ట్ ఫెస్ట్
- 8 వారాల ముందు: సమీక్షకులకు పరిచయ మెయిల్, కీ లేకుండా
- 6 వారాల ముందు: విడుదల బిల్డ్ పరిశీలనకు, ముందస్తు కీల అభ్యర్థన
- 4 వారాల ముందు: కీలు
- 10 రోజుల ముందు: జవాబు రానివారికి గుర్తుచేస్తూ ఒక్క మెయిల్, అంతకు మించి వద్దు
- 1 రోజు ముందు: ఎంబార్గో ముగింపు

సెప్టెంబరు నుంచి నవంబరు మధ్యదాకా పెద్ద గేమ్‌లు వరసకడతాయి. ఆ రోజుల్లో మీ మెయిల్ అడుగున పడుతుంది. జనవరి చివర, ఫిబ్రవరి, మే నెలలు చిన్నవారికి ఊపిరాడే కాలం.

విడుదలైన మొదటి గంటల్లో మీకు కావలసింది పది సమీక్షలు. పదిమంది కొని రాస్తేనే స్టీమ్ పేజీ మీద “పాజిటివ్” అన్న మాట కనబడుతుంది. 2016 సెప్టెంబరు నుంచి కీలతో ఆడినవారి మాట ఆ లెక్కలోకి రాదు, కాబట్టి స్నేహితులకు కీలు పంచితే ప్రయోజనం లేదు. నిజంగా కొనేవారు ఎక్కువగా అమెరికా, ఐరోపాల్లో ఉంటారు, అందుకే చాలామంది అమెరికా పడమటి తీరంలోని సీటెల్ ఉదయం పది గంటలకు విడుదల నొక్కుతారు. మనకది వేసవిలో రాత్రి 10.30, చలికాలంలో 11.30. ఆ రాత్రి ఒకరు చర్చా పేజీ ముందు, ఒకరు బిల్డ్ యంత్రం ముందు, ఒకరు నిద్రలో ఉండేలా వంతులు వేసుకోండి. తెల్లవారి అయిదింటికి క్రాష్ నివేదిక వచ్చినప్పుడు నిద్రపోయి లేచిన మనిషి చేతిలో ప్యాచ్ ఉండాలి.